మూడో జట్టు, దూలం పాఠం

ఎనభైల చివర్లో, ఒక జూన్‌లో, ప్రొద్దుటూరు దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీకి సివిల్ లెక్చరర్‌గా బదిలీ అయ్యాను. చేరిన నెలకే పైనుంచి సర్క్యులర్ వచ్చింది. లెక్చర్లు తగ్గించాలి, విద్యార్థులను నలుగురేసి జట్లు కట్టాలి. పాఠాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కొక్కరు ఒక ముక్క నేర్చుకుని మిగతా ముగ్గురికీ చెప్పాలి. ఇంటర్నల్ మార్కులు నలుగురి సగటు.

దూలం మీద బరువు పడితే ఎంత వంగుతుందనే పాఠం తీసుకుని, రోల్ నంబర్ల వరసన జట్లు కట్టాను. మూడో జట్టులో జమ్మలమడుగు నాగరాజు, పులివెందుల సుబ్బరాయుడు పడ్డారు. ఇద్దరి ఇండ్లూ ఎదురెదురు వర్గాలు. మొన్నటి ఎన్నికల్లో రెండువైపులా మనుషులు పోయారు. ఈ సంగతి ప్యూనుకు కూడా తెలుసు, నాకు తెలియదు. లెక్చర్ క్లాసులో ఒకడు కిటికీ వైపు, ఇంకొకడు గోడ వైపు కూర్చునేవాళ్లు. అది చదువు మీది శ్రద్ధ అనుకున్నాను.

ప్రిన్సిపాల్ పిలిపించి, "ఏందప్పా, నంబరు చూస్తివి, ఊరు చూడకపోతివి?" అన్నాడు. ఒకణ్ణి మారుస్తానన్నాను. ఎవణ్ణి కదిపినా వాడి వర్గం ఓడినట్టే లెక్క, మర్నాడు రెండు జీపులు గేటు ముందుంటాయి, ఉన్నచోటే ఉండనిమ్మన్నాడు.

నాలుగోవాడు రెండోరోజే జ్వరమని ఊరికి పోయి, పరీక్ష ముందురోజు దాకా రాలేదు. మిగిలింది కరుణ, దువ్వూరు మిషన్ స్కూలు టీచరు కూతురు. సగటు పడిపోతే ఆ అమ్మాయి స్కాలర్‌షిప్ పోతుంది. పాఠం ఎట్లా సాగుతోందని అడిగాను.

"వాళ్లిద్దరూ మాట్లాడుకోరు సార్. ఈయప్ప చెప్పింది ఆయప్పకు చెప్తాండా, ఆయప్ప అడిగింది మళ్లా ఈయప్పను అడుగుతాండా," అంది. ఫిర్యాదు లేదు, అలసట మాత్రం ఉంది.

పరీక్షలో మగపిల్లలు ముగ్గురూ, ముందురోజు కరుణతో పాఠమంతా చెప్పించుకున్న నాలుగోవాడితో సహా, గట్టెక్కారు. కరుణ క్లాసుకే ఫస్టు. సగటు నిలబడింది, స్కాలర్‌షిప్ దక్కింది. విద్యార్థుల మధ్య సహకారం వెల్లివిరిసిందని ప్రిన్సిపాల్ నివేదిక పంపితే, అభినందిస్తూ జవాబొచ్చింది. నాగరాజు, సుబ్బరాయుడు కోర్సు ముగిసేదాకా ఒక్క మాట మాట్లాడుకోలేదు.

పాఠం వినేవాడికన్నా చెప్పేవాడికి బాగా వస్తుందని ఆ ఏడాది నాకు తెలిసింది. ఆ లెక్కన, అంతకుముందు పన్నెండేళ్ల నా లెక్చర్లలో దూలం పాఠం సరిగ్గా నేర్చుకున్నది నేనొక్కణ్ణే.