సగంలో ఆపిన వచనం

దేవునికి స్తోత్రం. ఈ ముసలి కళ్లలో ఇంకా వెలుగు నిలిపి, తన వాక్యాన్ని చదువుకునే భాగ్యం ఇచ్చిన ఆయనకే మహిమ.

నా చిన్నప్పుడు మేము తమిళనాడులో, విరుదునగరంలో పత్తి మిల్లు వెనక వీధిలో ఉండేవాళ్లం. ఇంట్లో తెలుగు, గుడిలో తమిళం; వేదపుస్తకమూ తమిళంలోనే. మా తాతయ్య మిల్లులో పత్తి మూటలు మోసేవాడు. నలభై ఏళ్లు దాటాక అక్షరాలు నేర్చుకున్నాడు. అందుకేనేమో, చదవడంలో ఆయనకొక పట్టుదల. ఇంటి ప్రార్థనలో ఎవరు వచనం చదివినా దాని పైదీ కిందిదీ కూడా చదవాలి. తప్పించుకుంటే గంజి చల్లారిపోయినా సరే, అధ్యాయమంతా చదివించేవాడు.

నాకు పదేళ్లప్పుడు, ఈస్టరుకు ముందు శ్రమదినాల్లో, పొరుగూరి నుంచి ఒక ఉపదేశి వచ్చాడు. ఆయన దగ్గర ఒక చిన్న నోటుపుస్తకం. యూదులను ఓడించడానికి కొన్ని వాక్యాలు, ముసల్మానులను ఓడించడానికి కొన్ని అందులో రాసిపెట్టుకున్నాడు. అందరికంటే బిగ్గరగా అప్పజెప్పిన పిల్లకు శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా ఇస్తానన్నాడు. నాది పెద్ద గొంతు. పాలకోవా నాకే దక్కింది.

యూదులను మాలో ఎవరమూ చూసి ఎరగం. ముసల్మానుల్లో మాత్రం ఒకాయన మాకు ఇంటిమనిషి లెక్క. వారం వారం జవుళి మూట భుజాన వేసుకుని వచ్చే బట్టల వ్యాపారి; భాయి అనడానికి బదులు అందరం బాయ్ అనేవాళ్లం. మా పండుగ బట్టలు ఆయన మూటలోవే. మా అవ్వ శవం మీద కప్పిన తెల్లగుడ్డా ఆయన మూటలోదే.

ఆ వారం బాయ్ మా అరుగు మీద మూట విప్పగానే ఉపదేశి నన్ను ముందుకు తోశాడు. అవిశ్వాసం వల్ల వాళ్లు కొమ్మల్లా విరిచివేయబడ్డారని గొంతు చించుకుని అరిచాను. అది యూదుల గురించిన మాట. వాళ్లకు పట్టిన గతే నీకూ పడుతుందని ఉపదేశి అందుకున్నాడు. నీ కితాబులో మా ప్రభువుకూ ఆయన తల్లికీ మర్యాదే లేదన్నాడు.

బాయ్ ఆయనను చూడలేదు, నన్ను చూశాడు. "ఆ తల్లి పేరుతో మా కితాబులో ఒక అధ్యాయమే ఉండాది, పాపా. మాయమ్మ దినమూ సదివేది," అన్నాడు.

"బాయ్ బట్టలే కాదు, కతలు కూడా అమ్ముతుండాడు!" అని ఎవరో నవ్వారు. అందరూ నవ్వారు. ఇకమీదట ఈ మూట ఈ వీధిలోకి రాకూడదని ఉపదేశి తీర్పు చెప్పాడు. బాయ్ బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టాడు.

అప్పుడే మిల్లు నుంచి తాతయ్య వచ్చాడు, తలనిండా పత్తి నూగుతో. సంగతి విని, నా చేత ఆ వాక్యం మళ్లీ చెప్పించాడు.

"దాని తరువాతది?"

"రాదు తాతా. నోటుపుస్తకంలో అంతే ఉండాది."

తాతయ్య ఇంట్లోకి వెళ్లి వేదపుస్తకం తెచ్చాడు. "అయ్యా, తమరు సదువుకున్నోరు. ఆ వచనం ముగిసేదాక సదవండి." ఉపదేశి ముట్టుకోలేదు. తాతయ్య పుస్తకం నా ఒళ్లో పెట్టి, అక్షరాల కింద తన వేలు పెట్టాడు. నేను చదివాను. వచనం అక్కడ ముగియనే లేదు! విశ్వాసం వల్ల నిలిచినవాడివి, గర్వించకు, భయపడు అని అదే వచనంలో మిగతా సగం. సొంత కొమ్మలనే ఉపేక్షించని దేవుడు నిన్నూ ఉపేక్షించకపోవచ్చని దాని కిందిది. ఇంకా పైన చూస్తే, అంటుకట్టిన అడవి కొమ్మవి నువ్వు, నువ్వు వేరును మోయడంలేదు, వేరే నిన్ను మోస్తోంది అని ఉంది. యూదులను తిట్టడానికి నాకు నేర్పింది నిజానికి మమ్మల్ని హెచ్చరించిన మాట!

"అర వచనంతో మనిసిని కొడ్తారా?" తాతయ్య గొంతు వీధి చివరిదాకా వినిపించింది. "బాయ్ కితాబు తమరు సూస్తిరా? సూడకుండా లేదంటే అది అబద్ద సాచ్చి కాదా? అదీ చిన్నపిల్ల నోట!"

తర్వాత బాయ్ వైపు తిరిగాడు. "సిలువ లేదంటారు మీరు. నాకు ఆ సిలువే ప్రాణం. సచ్చేదాక మీకు చెప్తానే ఉంటా. మీ కితాబు మీద మాత్రం అబద్దం చెప్పను."

"చెప్పుకో అన్నా. నేనేమన్నా ఊరుకుంటానా?" అన్నాడు బాయ్. కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు.

తాతయ్య నా చేత ఆ మడతలన్నీ మళ్లీ విప్పించి అరుగు మీద పరిపించాడు. ఉపదేశి వెళ్లిపోయాడు. బాయ్ మాత్రం పై వారమూ వచ్చాడు.

ఈస్టరు ఆరాధనలో వాక్యం చదివేది ఎప్పుడూ తాతయ్యే. ఆ ఏడు సంఘపెద్దలు చదవనివ్వలేదు, దైవసేవకుణ్ణి వీధిలో అవమానించాడని. ఉపదేశిని మాత్రం ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. ఆ కోపం నాలో ఇప్పటికీ చల్లారలేదు, చల్లారాలని కోరుకోవడమూ లేదు. ఇప్పటికీ సగం వాక్యాలు అచ్చువేసిన కరపత్రాలు నా చేతికి వస్తూనే ఉంటాయి. కళ్లద్దాలు పెట్టుకుని వేదపుస్తకం తెరుస్తాను. వేలు పెట్టి పైదీ చదువుతాను, కిందిదీ చదువుతాను. పాలకోవా మాత్రం మళ్లీ నోట పెట్టలేదు.

చదివిన మీరూ ఒక్క నిమిషం నాతోపాటు తల వంచండి. ప్రభువా, మా నోరు సగంలో ఆపిన చోట నీ వేలు పెట్టు, మిగతాది మా చేత చదివించు. ఆమేన్.