మాఫీ అడగడానికి అబిడ్స్ దాకా

మా ఊరినుంచి హైదరాబాదు వెళ్లేవాళ్లు పెళ్లి బట్టలకో, దవాఖానాకో, కోర్టు పనికో వెళతారు. నేను మాత్రం ఒక మనిషిని క్షమించమని అడగడానికి వెళ్లాను. ఆ మనిషి పేరు సునంద. ఏడో తరగతిలో నా దగ్గర లెక్కలు నేర్చుకుంది. పెద్దయ్యాక మా వికారాబాదు చర్చిలో పాటలు ఎత్తుకునేది. అలాంటి పిల్లను నాలుగు నెలల కిందట నిండు సంఘంలో అవమానించాను.

జరిగింది చెప్పకుండా ప్రయాణం చెబితే అన్యాయం. మా చర్చిలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసు కడరాత్రి భోజనాన్ని తలచుకుని అందరం పాలుపంచుకునే ఆచారం, ఉంటుంది. రొట్టె ముక్కలూ, ద్రాక్షారసం పోసిన చిన్న గ్లాసులూ ఉన్న పళ్లేలను సంఘ పెద్దలం పట్టుకుని, వరుసల్లో కూర్చున్నవాళ్లకు అందిస్తాం. ఆ రోజు సునంద నుదుట కుంకుమ కనిపించింది. మా సంఘంలో ఎవరూ బొట్టు పెట్టుకోరు. పైగా పెద్దరికం అనే పొగరు నాకు కాస్త ఎక్కువే. ఆమె చెయ్యి చాపింది. నేను పళ్లేన్ని పక్కావిడ ముందుకు జరిపాను. నోటితో ఒక్క మాట అనలేదు గానీ చర్చి అంతా చూసింది.

సాయంత్రానికి సంగతి తెలిసింది. సునంద అత్తగారు హిందువు, చాలా నెలలుగా మంచంలో ఉంది. ఆ పొద్దున తన చేత్తో కోడలికి బొట్టు పెట్టి, మధ్యాహ్నం కన్ను మూసింది. దినాలు కాగానే సునంద భర్తతో, పిల్లలతో నాంపల్లికి మారిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నేను పళ్లెం పట్టడం మానేశాను, బల్ల తీసుకోవడమూ మానేశాను. మా పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్లి ఏడిస్తే, "నాతో చెప్తే ఏమొస్తది సార్, ఆమెతో చెప్పుకోన్రి" అన్నారు. నా భార్య సుగుణ ఇంకాస్త ముందుకెళ్లింది. "లెక్క తప్పితే పిల్లలతోటి మళ్ల చేయిస్తుంటిరి గద. మరి మీ లెక్క ఎవరు చేయాలె?"

సునంద ఇప్పుడు అబిడ్స్‌లో ఒక చర్చికి వెళుతోందని అయ్యగారే చెప్పారు. అలా ఈ నెల మొదటి ఆదివారం పొద్దున ఆరుంబావుకి ప్యాసింజరు ఎక్కాను. టికెట్టు ఇరవై రూపాయలు. కిటికీ పక్కన సీటు దొరికింది. శంకర్‌పల్లిలో ఎక్కిన ఒక మేస్త్రీ నా ఎదురుగా కూర్చుని, రెండు నిమిషాల్లో నా ఊరూ పేరూ కనుక్కున్నాడు. తను అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కూతురికి ఇంటర్ పుస్తకాలు వెతకడానికి వెళుతున్నాడట.

"మీకేం పని సార్ గాడ?" అన్నాడు.

ఎందుకో ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను, ఒకరిని మాఫీ అడగాలని.

"గందుకు రైలెక్కిన్రా!" అని నవ్వాడు. తర్వాత నా చేతులవైపు చూసి, "ఉట్టి చేతులతోని పోతున్నరా? జర ఏమన్న పట్టుకపోన్రి. ఇంట్ల పిల్లలుంటరు" అన్నాడు.

లింగంపల్లి దాకా బండి బాగానే వచ్చింది. నాంపల్లి ముందు అవుటర్ సిగ్నల్ దగ్గర మాత్రం అరగంట నిలబడిపోయింది. ఎనిమిదింటికి దిగాల్సినవాణ్ణి ఎనిమిదిన్నరకు దిగాను. సునంద వెళ్లే చర్చిలో తెలుగు ఆరాధన సరిగ్గా ఆ టైముకే మొదలవుతుంది. ముందే గేటు దగ్గర ఆమెను కలిసి మాట్లాడాలన్న నా ఆలోచన ప్లాట్‌ఫారం మీదే పోయింది. ఆలస్యం ఎలాగూ అయ్యిందని స్టేషన్ బయట ఇరానీ హోటల్లో ఒక చాయ్ తాగి, మేస్త్రీ మాట ప్రకారం అరకిలో ఉస్మానియా బిస్కెట్లు కట్టించుకున్నాను. నిజం చెప్పాలంటే భయమేసింది, అందుకే చాయ్ తాగుతూ కూర్చున్నాను.

ఆటోవాళ్లు అబిడ్స్‌కు వంద అడుగుతారు. మోకాళ్లు సహకరిస్తే నడవండి, ఇరవై నిమిషాలు కూడా పట్టదు. ఆదివారం కాబట్టి షట్టర్లు మూసి ఉన్నాయి. వాటి ముందు అప్పుడప్పుడే పట్టాలు పరిచి పాత పుస్తకాల మూటలు విప్పుతున్నారు. మామూలు రోజుల్లో ఆ రోడ్డు దాటడమే ఒక సాహసం, ఆ పొద్దున మాత్రం నడిరోడ్డు మీద ఒక కుక్క నిద్రపోతోంది.

తొమ్మిది దాటాక చర్చి చేరాను. రాతి గోడల పాత కట్టడం. చెప్పులు మెట్ల దగ్గర విడిచి వెనక బెంచీలో కూర్చున్నాను. ఆడవాళ్లవైపు నాలుగో వరుసలో సునంద కనిపించింది, తలమీద కొంగు కప్పుకుని. ప్రసంగం అయింది, బల్ల మొదలైంది. ఇక్కడ పళ్లెం మన దగ్గరికి రాదు. వరుసలవారీగా మనమే ముందుకు వెళ్లి, బలిపీఠం ముందున్న కటకటాల దగ్గర మోకరించి తీసుకోవాలి. నాలుగో వరుస లేచింది. సునంద లేవలేదు. మోకాళ్లు పక్కకు తిప్పి మిగతావాళ్లకు దారి ఇచ్చింది. కాసేపటికి పక్క తలుపు గుండా వరండాలోకి వెళ్లిపోయింది.

ఆమెకు నేను ఆపింది ఒక్క ఆదివారమే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. బిస్కెట్ల పొట్లం పట్టుకుని వెనకే వెళ్లాను.

మెట్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. "సార్! మీరేంది గీడ?"

"నీ కోసమే వచ్చిన బిడ్డా." మెట్టు మీద నేనూ కూర్చున్నాను. వారం రోజులు సాధన చేసిన మాటలు గబగబా చెప్పాను. "నాది తప్పయింది. మీ అత్తమ్మ సంగతి నాకు తెల్వదు. తెలిస్తే పళ్లెం జరపకపోదును."

సునంద నెమ్మదిగానే అడిగింది. "అంటే, సచ్చిపోయేటామె పెట్టింది గాబట్టి బొట్టు మాఫీ. నేనే ఊకె పెట్టుకొని వస్తె జరపొచ్చా సార్?"

ఆమె అక్కడితో ఆగలేదు.

"అందరి నొసలు చూసినంకనే ఇచ్చేదైతె, ఆ దినం మీ తప్పు చూసినంక మీకెవరు ఇద్దురు?"

ముప్పై ఏళ్లు పిల్లల్ని నిలబెట్టి ప్రశ్నలడిగినవాణ్ణి, ఆ మెట్టు మీద తల వంచుకుని కూర్చున్నాను. నేను మోసుకొచ్చింది సంజాయిషీ అని అప్పుడు అర్థమైంది. సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది, దాచుకోలేదు. "తెలిసినా తెల్వకున్నా జరపొద్దు బిడ్డా. పొగరుతోని జరిపిన" అన్నాను.

ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "నాకు కోపం పోలె సార్, ఉన్నదున్నట్టు చెప్తున్న. మీ ఫోన్ కావాల్ననే ఎత్తలె. లోపల గింత కోపం పెట్టుకొని బల్లకాడికి ఎట్ల పోవాలె అని నాలుగు నెలల సంది గిట్లనే బయట కూసుంటున్న. కోపం పోయినంక పోదామంటె గిది పోయెటట్టు లేదు."

లోపల మైకులో అక్కడి పాస్టరుగారు, "ఇంకా రానివాళ్లు ఎవరైనా ఉంటే రండి" అని పిలిచారు. ఆఖరి పిలుపు అది. సునంద తలుపువైపు చూసింది. నావైపు, నా చేతిలోని పొట్లంవైపు చూసింది.

"గదేంది?"

"పిల్లలకు బిస్కెట్లు."

"గాడ పెట్టున్రి. లేవున్రి సార్, అయిపోతది."

ఇద్దరం నడిచాం. కటకటాల దగ్గర ఎవరూ లేరు, ఆమెకు మూరెడు దూరంలో మోకరించాను. గ్లాసు ఎత్తుతుంటే సగం ద్రాక్షారసం చొక్కా మీద ఒలికింది. సునంద చూసి కూడా చూడనట్టే ఊరుకుంది. ఆరాధన అయ్యాక పొట్లం తీసుకుంది, సుగుణమ్మను అడిగినట్టు చెప్పమంది. ఇంటికి రమ్మనలేదు. నేనూ ఆశించలేదు.

పన్నెండున్నరకు స్టేషన్ రోడ్డులో నూటపది రూపాయల భోజనం చేశాను. పప్పు బాగుంది, పెరుగు పుల్లగా ఉంది. రెండు దాటాక బండి దొరికింది. బేగంపేట దాటుతుండగా సుగుణ ఫోన్ చేసింది.

"మాఫీ చేసిందా?"

"గా మాట అనలె. లేవమన్నది" అన్నాను.

ఫోన్ పెట్టేసి కిటికీ పక్కన కూర్చున్నాను. క్షమించానని అనిపించుకుందామని వెళ్లినవాణ్ణి, ఆ మాట లేకుండానే తిరిగొస్తున్నాను. కోపం పోయేదాకా ఆగకుండా, ఆ కోపంతోనే ఆమె నా పక్కన మోకరించింది. అరవై రెండేళ్లలో నామీద ఇంత దయ చూపించిన మనిషి ఇంకొకరు లేరు.