తొమ్మిదితో పోయే నంబరు

2011, తెలంగాణ ఉద్యమ బంద్ రోజు సాయంత్రం, దిల్‌సుఖ్‌నగర్. ఉన్నది నేను, మా ఆవిడ, మూడో తరగతి చదివే మనవరాలు చిన్ని.

బస్సుల్లేక సైదాబాద్ నుంచి కొత్తపేటలోని ఇంటికి నడిచి వస్తున్నాం. ఉన్నట్టుండి బాష్పవాయు గోళం పేలింది. జనం పరుగెత్తారు. మంటకు మూసుకున్న కళ్లు తెరిచేసరికి చిన్ని చేయి నా చేతిలో లేదు.

"పిల్లేదండీ?" అంటూ మా ఆవిడ నా చొక్కా పట్టుకుని ఏడ్చింది. సందుసందూ వెతికాను. ఆ తొక్కిసలాటలో పడిపోయిందేమోనని మళ్లీ రోడ్డు మీదికి పరుగెత్తాను.

అప్పుడు సెల్ మోగింది. ఎవరో ఆడమనిషి.

"పెద్దాయనా, పరేషాన్ గాకుండ్రి. మీ పిల్ల నా కాడ ఉన్నది. జెండా పట్టుకొని ఒచ్చిన, ఇప్పుడు గీ పిల్లను పట్టుకొని కూసున్న. మీ నంబర్ల ఆఖరి అంకె మర్శిపోయి ఒకటే ఏడుపు. మల్ల చేతి ఏళ్ల మీద లెక్కవెట్టి చెప్పింది. గదేం లెక్కనయ్యా?"

నా నంబరు తొమ్మిదితో శేషం లేకుండా పోతుంది. అలాంటి సంఖ్యలో అంకెలన్నీ కూడితే వచ్చేదీ తొమ్మిదితో పోతుందని చిన్నికి ఆటగా నేర్పాను. గుర్తున్న తొమ్మిదంకెలు కూడితే నలభై ఒకటి వచ్చిందట. నలభై అయిదు కావాలంటే మిగిలింది నాలుగే కదా!

నాది అంకెల పిచ్చి అని పెళ్లయిన నాటి నుంచీ ఎగతాళి చేసిన మా ఆవిడ, మర్నాడు ఉదయం కాఫీ అందిస్తూ మెల్లగా అంది:

"ఏవండీ, నాకూ తొమ్మిదితో పోయే నంబరే తెచ్చిపెట్టండి."