ఇటుక కాదన్న అబిదా

మాచర్ల బస్టాండు వెనక సందులో ‘జాన్ రేడియో సర్వీస్’ అనే కొట్టు అబిదాది. పేరు మాత్రం ఆమె తండ్రి జాన్ సాహెబ్‌ది. ఆయన పోయాక తమ్ముడు షాకిర్ ఆ కొట్లో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముదామన్నాడు. అప్పటికి అబిదా భర్తను పోగొట్టుకుని వినుకొండ నుంచి పుట్టింటికి వచ్చేసి రెండేళ్లయింది. ఆమె షట్టర్ తాళం తన దగ్గరే పెట్టుకుని, మర్నాడు పొద్దున్నే వెళ్లి కొట్టు తెరిచింది.

చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని టంకం పెట్టడం నేర్చిన చేతులు ఆమెవి. రేడియోలు తగ్గాక టీవీలు చేసింది. అవి తగ్గాక సెట్‌టాప్ బాక్సులు, ఆ తర్వాత ఇంటర్నెట్ రౌటర్లు. ఆడమనిషి బజారులో ఒంటరిగా కొట్టు నడపడమేమిటని అడిగినవాళ్లు కొన్నాళ్లు అడిగి మానేశారు.

నిరుడు ఎండాకాలంలో, దస్తావేజులు రాసే ప్రభాకరరావు తన ఆఫీసు రౌటర్ తెచ్చాడు. బాగా పాతది. గంటకోసారి ఆగిపోతోందన్నాడు. లోపలి సాఫ్ట్‌వేర్ మార్చి కొత్తది ఎక్కిస్తే సరిపోతుందని అబిదా చెప్పింది. అది సగం ఎక్కిందో లేదో కరెంటు పోయింది. తిరిగి వచ్చాక చూస్తే రౌటర్ ముందున్న దీపాల్లో ఒక్కటి వెలిగి అలాగే ఉండిపోయింది. మిగతావి వెలగలేదు.

ఇన్వర్టర్ లేకుండా ఆ పని మొదలుపెట్టడం తన తప్పేనని ఆమె దాచలేదు. ప్రభాకరరావుకు ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన పని ఆగకుండా తన ఇంట్లో రౌటర్ తీసుకెళ్లి ఆఫీసులో బిగించి వచ్చింది. అయినా ఆయన ఆఫీసుకొచ్చిన ప్రతివాళ్లకీ అబిదా తన రౌటర్ చంపేసిందని చెప్పుకొచ్చాడు.

మెయిన్ బజారులో కంప్యూటర్ల షాపున్న తరుణ్‌ను అడిగితే ఏదైనా దారి తెలుస్తుందేమోనని వెళ్లింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి బల్ల మీద పెట్టాడు.

“ఇది ఇటుకయిపోయింది అక్కా. గోడ కట్టుకుంటే పనికొస్తది.”

షాపులో ఉన్న నలుగురూ నవ్వారు. రేడియోలు చేసుకునే మనిషికి ఇవన్నీ ఎందుకని, కొత్తది కొనిచ్చి వదిలించుకోమని కూడా అన్నాడు తరుణ్.

“చంపింది నేను. లేపేది కూడా నేనే,” అంది అబిదా. రౌటర్ తీసుకుని వచ్చేసింది.

నాలుగు రోజులు ఫోన్లో వెతికింది. మామూలు దారులన్నీ మూసుకుపోయినా, రౌటర్ లోపలి బోర్డు మీద ఓ మూల ఉండే చిన్న రంధ్రాల వరుసలోంచి నేరుగా చిప్పుతో మాట్లాడవచ్చని తెలిసింది. దానికి జేటాగ్ అనే ప్రత్యేకమైన కేబుల్ కావాలి. మాచర్లలో ఎక్కడ దొరుకుతుంది? మూలన పడున్న పాత ప్రింటర్ కేబుల్ కోసింది. నాలుగు తీగలకు నాలుగు రెసిస్టర్లు అతికింది, ఐదోది ఎర్త్ తీగ. ప్రింటర్ సాకెట్ ఉన్న పాత కంప్యూటర్ ఒకటి కొట్లోనే ఉంది.

చిప్పు పలకలేదు. దాని నంబరు చూపించాల్సిన చోట తెర నిండా ఒకే అక్షరం వచ్చింది. టంకాలన్నీ ఊడదీసి మళ్లీ పెట్టింది. అదే అక్షరం. రెండో రోజు మధ్యాహ్నం చిరాకు పుట్టి కేబుల్ వైపు చూస్తూ కూర్చుంది. నిలువెత్తు తీగ. ఇంత దూరం నడిచేసరికి సిగ్నల్ చెడిపోతోందేమోనన్న అనుమానం వచ్చింది. జానెడు మాత్రం ఉంచి మిగతాది కత్తిరించేసింది. ఈసారి చిప్పు తన నంబరు చెప్పింది.

అయితే రౌటర్‌కు కరెంటు రాగానే మొదట నడవాల్సిన చిన్న ప్రోగ్రాం, బూట్‌లోడర్, పూర్తిగా చెడిపోయి ఉంది. అదే మోడల్ రౌటర్ నుంచి దాన్ని కాపీ చేసుకోవాలి. తరుణ్ షాపులో అలాంటివి రెండు ఉన్నాయి. అడిగితే ఇవ్వనన్నాడు.

చివరికి అది రిటైరయిన లెక్కల టీచరు వీరరాఘవమ్మ ఇంట్లో దొరికింది. విప్పాలని, పైన టంకం పెట్టాలని, ఏదైనా జరిగితే అది కూడా పోవచ్చని అబిదా ముందే చెప్పింది.

“పోతే పోయిందిలే. వాళ్లు నవ్వారని చేస్తన్నావా, నీకు పని వచ్చని చేస్తన్నావా?” అని అడిగింది వీరరాఘవమ్మ.

“రెండూ టీచరమ్మా.”

“అయితే పట్టుకుపో.”

ఈసారి షామియానా షాపు నుంచి ఇన్వర్టర్ అద్దెకు తెచ్చుకుంది. టీచరు రౌటర్ నుంచి బూట్‌లోడర్ చదివి కాపీ తీసింది. ప్రతి రౌటర్‌కూ తనదైన నంబరు ఒకటి ఉంటుంది కనుక, ప్రభాకరరావు రౌటర్ అడుగున స్టిక్కర్ మీదున్న నంబరును అందులో మార్చింది. దాన్ని చెడిన రౌటర్ చిప్పులోకి రాయడానికి గంటన్నర పట్టింది. మధ్యలో కరెంటు రెండుసార్లు పోయింది. అబిదా కుర్చీలోంచి కదల్లేదు. అయ్యాక రౌటర్ ఆపి మళ్లీ వేసింది. దీపం మిణుకుమిణుకుమంది. అసలు సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కించాక దీపాలన్నీ వరసగా వెలిగాయి. తండ్రి ఉంటే చూసేవాడనుకుంది. కళ్లు తుడుచుకుని టీచరు రౌటర్ ముందుగా బిగించి ఇచ్చి వచ్చింది.

ప్రభాకరరావు ఆఫీసుకు ఆమె కావాలనే జనం ఉండే వేళకు వెళ్లింది. ఆయన, ఇప్పుడున్నదే బాగుంది, అదే ఉంచెయ్యమన్నాడు.

“అది నాది. ఇది మీది,” అని మార్చి బిగించింది అబిదా. ఆయన కంప్యూటర్లో పేజీ తెరుచుకునేదాకా నిలబడింది. “చచ్చిందని ఎంతమందికి చెప్పారో, బతికిందని అంతమందికీ చెప్పండి.”

ఆయన బెంచీ మీద కూర్చున్నవాళ్ల వైపు చూసి, అవునయ్యా, బాగుచేసింది, అన్నాడు.

నెల తర్వాత తరుణ్ చచ్చిన రౌటర్లు మూడు పట్టుకుని కొట్టుకు వచ్చాడు. చేస్తాను గాని, ఎవరు చేశారో కస్టమర్లకు చెప్పాలంది అబిదా. అది కుదరదని వెళ్లిపోయాడు. ఆ తర్వాత మూడో వారం అవే పట్టుకుని మళ్లీ వచ్చి, సరే చెబుతానన్నాడు. ఆమె అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి మూడూ విప్పింది. రెండు లేస్తాయని, ఒకదాని చిప్పు మాడిపోయిందని చెప్పింది.