జగన్నాధం మావ వెనక సీటు

మా జగన్నాధం మావ వెనక సీటును సహించలేడు. ఎవరి బండయినా సరే, వెనక సీటు కంటబడితే చాలు, ఆయన కుడిచెయ్యి స్పానరు కోసం తడుముకుంటుంది. అంత మంచి జాగాలో మనుషుల్ని కూర్చోబెట్టడం ఆయన దృష్టిలో దండగ. నిరుడు ఆయన బండి అమ్మేసిన దగ్గర్నుంచీ నాకు నౌపడ రోడ్డు బోసిపోయినట్టే ఉంది.

మావ మా అమ్మకు తమ్ముడు. భావనపాడు నుంచి ఎండుచేపలు శ్రీకాకుళం కొట్లకు వేసేవాడు. అందుకోసం ముందూ వెనకా సీట్లుండే డబుల్ క్యాబిన్ పికప్ కొన్నాడు. పూజ రోజున టైర్ల కింద నిమ్మకాయలు నలిగాయో లేదో, బోల్టులు విప్పి వెనక సీటు తీసి కింద పెట్టేశాడు. పంతులుగారు హారతి పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఇదేం చోద్యమని ఈశ్వరి అత్త నిలదీసింది.

"ఎనక మనుషులు కూకుంటే ఏటి లాభమే? దిగి పోతారు. అదే జాగాలో ఊరందరి సామానూ వస్తాది. ఎండుసేపల కంపు అంటదు" అన్నాడు మావ.

అన్నట్టే చేశాడు. బండి వెనక తొట్టిలో చేపలు, క్యాబిన్‌లో ఊరు. పెళ్ళిచీరలు, బెల్లం దిమ్మలు, బడిపిల్లల పుస్తకాలు, రిపేరుకు వెళ్ళే కుట్టుమిషన్లు అన్నీ అక్కడే ప్రయాణం చేసేవి. సంగీతం టీచరు హైమవతిగారి వీణ అయితే దుప్పటి కప్పుకుని దర్జాగా పడుకుని వెళ్ళేది. ముందు సీటూ సామానుతో నిండిపోతే అత్త మాత్రం బియ్యం బస్తా మీద కూర్చుని వెళ్ళేది. అరసవల్లి తీసుకెళ్తే, వచ్చే జన్మలోనైనా సీటున్న బండిగల మొగుణ్ణివ్వమని పైకే మొక్కుకుంది. మావ పక్కనే నిలబడి, తనూ దణ్ణం పెట్టుకుని, తీర్థం పుచ్చుకున్నాడు.

ఈ జబ్బు సొంత బండితో ఆగితే బాగుండేది. ఒకసారి బస్సులో వెనక వరస తీసేస్తే పన్నెండు బస్తాలు పడతాయని కండక్టరుకు సలహా చెప్పాడు. ఆయన ఏ డిపోలో ఆఫీసరో తెలియక కండక్టరు లేచి నమస్కారం పెట్టాడు. నేను కొత్తగా కారు కొంటే చూడ్డానికి వచ్చి, వెనక కూర్చుని, జానతో కొలిచాడు. "ఒరే హరీ, ఇంత జాగా ఎలకలకి ఒదిలేసినావేట్రా" అన్నాడు జాలిగా. ఆ రాత్రి కారు తాళాలు దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

ఇలా నవ్వులాటగా సాగుతుండగా, నాలుగేళ్ళ కిందట వేసవిలో, బండి ఫిట్‌నెస్ గడువు ముంచుకొచ్చింది. కాగితాల్లో అయిదుగురు కూర్చునే బండి అని ఉంది. బ్రేక్ ఇన్‌స్పెక్టరు లోపలికి తొంగిచూసి సీట్లు లెక్కపెడతాడు. సీటు లేకపోతే కాగితం రాదు, కాగితం లేకపోతే బండి కదలదు, బండి కదలకపోతే మావ ఇంట్లో పొయ్యి వెలగదు. ఇంకా మూడు రోజులే ఉన్నాయి. నేను పాఠాలు చెప్పే బడికి సెలవులు కదాని సాయానికి వెళ్ళాను. తీరా చూస్తే ఇంట్లో సీటు లేదు. పోయినసారి ఫిట్‌నెస్ అయ్యాక మళ్ళీ విప్పిన సీటు ఎక్కడికో పోయిందనీ, ఎన్నిసార్లు అడిగినా మావ నోరు విప్పలేదనీ అత్త నాతో మొరపెట్టుకుంది. మావ స్పానర్ల సంచీ తీసుకుని నన్ను బండెక్కించాడు.

నౌపడ ఉప్పుమడుల పక్కన ఒక రేకుల ఇంటి ముందు బండి ఆగింది. గుమ్మం పక్కన ఇటుకల మీద మా సీటు ఉంది. దాని బెల్టు కొక్కేనికి మేకపిల్లను కట్టారు. సీటు మీద తాతమ్మ అనే ఆవిడ కూర్చుని ఉంది. ఉప్పు ఎత్తుతూ జారిపడి నడుం విరగ్గొట్టుకున్న ముసలావిడ. నులకమంచం మీద పడుకుంటే ఇద్దరు లేపాల్సి వచ్చేదట. ప్లాస్టిక్ కుర్చీ ఇస్తే దాని కాళ్ళు ఉప్పుమట్టిలో దిగబడిపోయాయట. ఆవిడే చెప్పింది.

మావ చేతిలో సంచీ చూసి ఆవిడ ముఖం వాడిపోయింది.

"సీటు కోసం వచ్చినావేటి నాయనా?"

"సీటేటి? ఎలగున్నావో సూసి పోదామని వచ్చాను" అన్నాడు మావ, సంచీ వెనక్కి పెట్టుకుంటూ.

ఆవిడ సీటు అంచు పట్టుకుని తనంతట తాను లేచి, మాకు టీ పెట్టి ఇచ్చింది. తాగి వచ్చేశాం. బండెక్కాక మావ స్పానర్ల సంచీని కాళ్ళ కిందకి తోశాడు. ఈ మనిషిని పట్టుకుని ఇన్నాళ్ళూ ఎంత ఎగతాళి చేశానో అని నాకు సిగ్గేసింది.

"సాలూరు పోదాంరా. ఆ ఊళ్ళో దొరకని బండి సామాను ఉండదు" అన్నాడు మావ, బండి తిప్పుతూ.

మర్నాడు తెల్లారి బయల్దేరి, ఎండ నడినెత్తికి వచ్చేసరికి సాలూరులో పాత సామాన్ల కొట్లన్నీ తిరిగాం. సరిగ్గా సరిపోయే సీట్లు మూడు దొరికితే, మెత్తన ఎక్కువైందనీ, మనిషి దిగబడిపోతాడనీ మూడింటినీ వద్దన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఎల్లుండి మళ్ళీ పీకేసేదే కదా, మెత్తనయితేనేం, గట్టిదయితేనేం అన్నాను. మావ విననట్టే నాలుగో సీటు మీద కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచి, అప్పుడు సరేనన్నాడు.

గడువు రోజున ఇన్‌స్పెక్టరుగారు తొంగిచూశారు, లెక్కపెట్టారు, సీటు కదిపి చూశారు, సంతకం పెట్టారు. అమ్మయ్య అనుకున్నాను. భోజనానికి శ్రీకాకుళంలోనే ఉన్న మా ఇంటికి తీసుకెళ్ళాను. నేను కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి వీధిలో స్పానరు చప్పుడు. అరగంట కూడా ఆగలేదు మహానుభావుడు. సీటు మోసుకొచ్చి మా వరండాలో ఇటుకలు పేర్చి దాని మీద పెట్టాడు. ఎత్తు చాలలేదని ఇంకో వరస పేర్చాడు.

చప్పుడు విని మా ఆవిడ చెయ్యి పట్టుకుని వరండాలోకి వచ్చిన అమ్మ, ఇదేం చెత్తరా అని గయ్యిమంది.

"బండిలో జాగా సాలట్లేదే అక్కా. కొన్నాళ్ళు ఇక్కడ పడుండనీ" అని మావ లోపలికెళ్ళి పీట మీద కూర్చున్నాడు.

అమ్మ తిట్టుకుంటూనే ఆ సీటు మీద చతికిలబడింది. ఆర్నెల్లుగా ఆవిడకు కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తున్నాయి. సోఫాలో కూర్చుంటే కూరుకుపోతుంది, కుర్చీలోంచి లేవాలంటే నేనో మా ఆవిడో చెయ్యి వెయ్యాలి. పిలిచి పిలిచి విసిగిపోయి, ఈమధ్య మంచం దిగడమే మానేసింది.

లోపల్నుంచి మావ పప్పు అడిగాడు.

"వస్తన్నాను, ఉండరా" అని అమ్మ లేచి వెళ్ళి గరిటె అందుకుంది. ఎవరినీ పిలవలేదు. లేచిన సంగతి ఆవిడకే తెలియలేదు. నేను తలుపు పట్టుకుని చూస్తూ ఉండిపోయాను.

"ఊళ్ళో సెత్తంతా నా ఇంట్లోనే పడేస్తాడు. యాభై దాటినా బుద్ధి రాలేదు ఎదవకి" అంటూ అమ్మ తమ్ముడి కంచంలో నెయ్యి వేసింది.

మావ తల వంచుకుని పప్పన్నం కలుపుకున్నాడు.