నాలుగో రాయి దగ్గర సూదిపిట్ట

ఆయన్ని అందరూ చెవిగారనేవాళ్ళు. తల్లి పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది, కరెంటు బిల్లు మీద అచ్చయ్యే ఉంటుంది. కానీ ఆ పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. గడియారాలు బాగుచేసే మనిషి. రెండు కొట్ల మధ్య మిగిలిపోయిన సందుకి తలుపు పెట్టినట్టుండేది ఆయన దుకాణం. లోపల ఒక బల్ల, ఒక స్టూలు, గోడ నిండా తలా ఒక టైము చూపించే గడియారాలు. ఎవరైనా చేతిగడియారం తెచ్చి బల్ల మీద పెడితే వెంటనే మూత విప్పేవాడు కాదు. ముందు చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని కాసేపు విని, "దీన్ని కింద పడేశారు, రెండుసార్లు" అనేవాడు. ఒక్కసారేనండీ అని బుకాయించినవాళ్ళు ఇంటికెళ్ళి ఆరా తీస్తే, రెండోసారి పడేసినవాళ్ళెవరో బయటపడేవాళ్ళు. అవి మామూలు చెవులు కావు, పాముచెవులని వీధి వీధంతా చెప్పుకునేది.

ఆ చెవులే ఆయన్ని పిట్టల లెక్కలోకి లాగాయి. లాగింది నిజానికి వాళ్ళన్నయ్య. అన్నయ్య బడిలో డ్రిల్లు మాస్టారు. మెళ్ళో విజిల్ లేకపోతే భోజనానికి కూడా కూర్చోలేని రకం. పాతికేళ్ళకు పైమాటే, ఒకరోజు పిట్టల లెక్క సంఘంవాళ్ళ కాగితం ఒకటి పట్టుకొచ్చాడు. జీతం లేదు, భత్యం లేదు. ఇష్టమున్నవాళ్ళు ఒక దారి ఎంచుకుని, నెలకోసారి అదే దారిన నడిచి, ఏ పిట్టలున్నాయో, ఎన్నున్నాయో రాసి పంపాలి.

"నీకు చెవులున్నాయి, నాకు చేతిరాత ఉంది. ఇద్దరం కలిస్తే ఒక మనిషవుతాం, రారా" అన్నాడు అన్నయ్య.

చెవిగారు పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. అన్నయ్య ఇంట్లోనే మేడమీద గదిలో ఉండేవాడు. ఆదివారం పొద్దున్న ఆయనకు వేరే పనేం ఏడ్చింది కనక. సరేనన్నాడు.

ఊరి చివర కాలవగట్టు వాళ్ళ దారి. అన్నయ్య గట్టు పొడుగునా పది రాళ్ళకి సున్నం కొట్టి అంకెలు వేశాడు. నెలలో రెండో ఆదివారం, తెల్లవారగానే బయల్దేరడం, ఒక్కో రాయి దగ్గర ఐదు నిమిషాలు నిలబడడం. మొదటి ఏడాది అంతా కొట్లాటే. ఒకే పిట్టని ఈయన విన్నాడనీ ఆయన చూశాడనీ రెండుసార్లు రాసేసేవాళ్ళు. "నేను విన్నది వేరు", "నేను చూసింది వేరు" అని గట్టు మీద అరుచుకుంటుంటే, ఉన్న పిట్టలు కూడా లేచిపోయేవి. చివరికి అన్నయ్య విసుగెత్తి ఒక నియమం పెట్టాడు. వినేవాడు చెప్పాలి, రాసేవాడు రాయాలి. రాయి దగ్గర ఉన్నంతసేపూ రాసేవాడు నోరు విప్పకూడదు. డ్రిల్లు మాస్టారి నియమం కదా, ఇక దానికి తిరుగులేదు.

నాలుగో రాయి దగ్గర కాలవ కాస్త వంపు తిరిగి, గట్టు వారంతా మనిషెత్తు జమ్ము పెరిగి ఉండేది. ఆ జమ్ములోంచి సన్నగా, మహా సన్నగా ఒక కూత వచ్చేది. 'సీ' అని ఒకసారి, కాస్త ఆగి 'సీ సీ' అని రెండుసార్లు. పిట్ట మాత్రం కనపడేది కాదు. ఏడు నెలలు వినడమే తప్ప చూసింది లేదు. ఎనిమిదో నెలలో అన్నయ్య పంతం పట్టి, తెల్లటి డ్రిల్లు పంట్లాంతో బురదలో బోర్లా పడుకున్నాడు. అరగంట తర్వాత తల తిప్పి, కనపడిందని తమ్ముడికి సైగ చేశాడు. మీసాలకి కూడా బురదే. పిడికిట్లో ఇమిడే గోధుమరంగు పిట్ట, ఇంతోటి దానికా ఇంత బాధ అన్నట్టుంది. ఆ పంట్లాం చూసి వదిన ఇంటిల్లిపాదినీ ఉతికి ఆరేసింది. పుస్తకంలో దానికి పెద్ద పేరే ఉంది గానీ, అన్నదమ్ములెప్పుడూ ఆ పేరు వాడలేదు. కూత సూదిలా ఉంటుందని అన్నయ్య దాన్ని సూదిపిట్ట అన్నాడు, అదే ఖాయమైంది. ఆ పిట్ట వాళ్ళ కాగితాల్లో ఏటా వస్తోందని చూసి, కాలవ ఆఫీసువాళ్ళు అక్కడ బోర్డు కూడా పెట్టారు, ఇక్కడ జమ్ము కోయరాదని. ఆ బోర్డు చూసుకుని అన్నయ్య పొంగిపోయిన పొంగు ఇంతా అంతా కాదు.

ఎంత బాగుండేవి ఆ ఆదివారాలు. మంచుకి తడిసిన చెప్పులు, ఫ్లాస్కులో టీ, ఐదు నిమిషాలూ అయ్యాక విజిల్ ఊదబోయి నాలిక్కరుచుకునే అన్నయ్య. ఇరవై ఒక్కేళ్ళు అలా నడిచాయి. ఆ తర్వాత అన్నయ్య జబ్బుపడి, మూడు నెలల్లో పోయాడు. ఇంకో మూడు నెలలు కాలవవైపు ఎవరూ వెళ్ళలేదు. ఒక ఆదివారం పొద్దున్నే వదిన మేడమెట్ల కింద నిలబడి, "అబ్బాయ్, ఆ రాసే అట్ట ఎక్కడుంది? పద" అంది. ఆయన్ని ఆ వయసులోనూ అబ్బాయ్ అనేది ఈ లోకంలో ఆవిడొక్కతే.

వదిన టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ముప్ఫై ఏళ్ళు ఆపరేటరుగా చేసింది. ఊళ్ళో వాళ్ళ మాటలన్నీ చెవినపడినా పడనట్టు ఉండడమే అక్కడ ఉద్యోగం. రాసేవాడు నోరు విప్పకూడదన్న నియమం చెప్పగానే, "ఓస్, ఇంతేనా" అంది.

ఆ మొదటి రోజే నాలుగో రాయి దగ్గర సూదిపిట్ట లేదు. చెవిగారు ఐదు నిమిషాలూ విన్నాడు, ఇంకో ఐదు నిమిషాలు విన్నాడు. "సున్నా" అన్నాడు. పై నెలా సున్నా. సున్నా కూడా లెక్కేనని, ఖాళీ వదలకూడదని సంఘంవాళ్ళు నేర్పారు కాబట్టి వదిన ప్రతినెలా గుండ్రంగా సున్నా చుట్టేది. అన్నయ్య బతికుండగానే ఆ పిట్టలు ఐదు, మూడు, రెండు, ఒకటి అని తగ్గుతూ వచ్చాయి. ఆయనతోపాటే ఆ ఒక్కటీ పోయిందని చెవిగారు నమ్మేశాడు. ఎవరికీ చెప్పలేదు గానీ, నాలుగో రాయి దగ్గర ఆయన తల దానంతటదే వాలిపోయేది. అది చూసి వదిన ఇంకా మౌనంగా ఉండేది.

అలా నలభై ఎనిమిది సున్నాలయ్యాయి. అప్పుడు సంఘం నుంచి కాగితం వచ్చింది. నాలుగేళ్ళు వరసగా కనపడక, వినపడకపోతే ఆ పిట్టని ఆ దారి జాబితాలోంచి తీసేస్తారు. వినేవాడు సంతకం పెట్టి నెలాఖరులోగా పంపాలి. పేరు తీసేస్తే బోర్డూ తీసేస్తారు, జమ్ము కోసేస్తారు. చెవిగారు ఆ కాగితాన్ని గడియారం అద్దాల సొరుగులో పెట్టి, రోజూ సొరుగు తెరవడం, మూయడం. అన్నయ్యని రెండోసారి సాగనంపమన్నట్టుంది ఆయనకి.

ఆ నెల ఆదివారం సంఘంవాళ్ళు ఒక కొత్త మనిషిని పంపారు, పని నేర్పమని. సిటీబస్సు కండక్టరు. ముప్ఫై అయిదేళ్ళావిడ, కిక్కిరిసిన బస్సులో టికెట్టు తీసుకోనివాణ్ణి పసిగట్టే కళ్ళు. మొదటి మూడు రాళ్ళ దగ్గరా బుద్ధిగా నిలబడింది. నాలుగో రాయి దగ్గర ఆవిడ నోరు ఊరుకోలేదు. పాపం, నియమం ఆవిడకింకా ఎవరూ చెప్పలేదు.

"సార్, ఇదేంటి, సన్నగా సీ సీ అంటోంది? దీన్నేమని రాయాలి?"

"ఏదమ్మా?"

"అదే సార్. ఇప్పుడు కూడా అంది. అదిగో, ఆ జమ్ము కొసన."

చెవిగారు దుర్భిణీ ఎత్తాడు. జమ్ము కొసన పిడికెడంత గోధుమరంగు పిట్ట. ముక్కు తెరిచింది. గొంతు సన్నగా అదిరింది. ముక్కు మూసింది. మళ్ళీ తెరిచింది. ఆయనకి కాలవ నీళ్ళ చప్పుడు వినపడుతోంది, దూరంగా లారీ వినపడుతోంది. పిట్ట మాత్రం వినపడలేదు.

దుర్భిణీ దించి వదిన వైపు తిరిగాడు. "వదినా, నీకు వినపడుతోందా?"

"వినపడుతోంది."

"ఎప్పట్నుంచి?"

"నేనొచ్చిన మొదటి రోజునించీ వినపడుతూనే ఉంది అబ్బాయ్."

"మరి చెప్పలేదేం?"

"రాసేవాళ్ళు నోరు విప్పకూడదన్నావుగా. నువ్వు చెప్పట్లేదంటే అది పిట్ట కాదేమో, ఏ కీచురాయో అయ్యుంటుందనుకున్నా. నేనెప్పుడైనా ఆ పిట్టని విని ఎరుగుదునా?"

చెవిగారికి తలకాయ తీసేసినట్టయింది. మిగతా ఆరు రాళ్ళూ ఎలా నడిచాడో ఆయనకే తెలియదు. తిరిగొచ్చేటప్పుడు, వదిన దగ్గర సంగతంతా విన్న కండక్టరు మెల్లగా పక్కన చేరింది. ఆవిడది మంచి మనసు.

"సార్, నాలుగేళ్ళ తర్వాత పిట్ట తిరిగొచ్చిందని రాసేద్దాం. సంఘంవాళ్ళు సంబరపడతారు. బోర్డూ ఉంటుంది, మీరూ ఉంటారు. నేనెవరికీ చెప్పను."

నిజమే, పామూ చావదు, కర్రా విరగదు. వినేవాడికి వినికిడి తగ్గితే దారి ఇంకొకరికి ఇచ్చెయ్యాలన్నది సంఘం పద్ధతి. ఆ ఆదివారాలు పోతే ఆయనకి మిగిలేది ఆ సందు దుకాణమే. చెవిగారు వదిన మొహం చూశాడు. ఆవిడ కాలవలోకి చూస్తోంది.

మధ్యాహ్నం దుకాణం తలుపు దగ్గరగా వేసుకుని అన్నయ్య పాత చేతిగడియారానికి కీ ఇచ్చాడు. చెవికి ఆనించాడు. సెకన్ల ముల్లు తిరుగుతోంది, చప్పుడు లేదు. రెండో చెవికి మార్చాడు. అదే వరస. పోయింది చెవి మొత్తం కాదు, సన్నటి చప్పుళ్ళే. ఈ కాలం గడియారాలకి గొంతు లేదని ఆయన ఏళ్ళ తరబడి గిరాకీల దగ్గర దెప్పుతూనే ఉన్నాడు. ఎప్పుడు చెవితో వినడం మానేసి భూతద్దంతో చూడడం మొదలుపెట్టాడో గుర్తు కూడా లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వినలేక పిట్ట లేదన్నాడు. నాలుగేళ్ళు.

ఇంటికెళ్ళి అలమారలోంచి కాగితాల కట్టలు దింపి దుకాణానికి తెచ్చుకున్నాడు. సంఘానికి ఒక ప్రతి పంపి, కార్బన్ ప్రతి ఇంట్లో ఉంచుకోవడం అన్నయ్య అలవాటు. సున్నాలున్న కట్ట కోసం వెతుకుతూ అన్నయ్య చివరి కట్ట విప్పాడు. ముత్యాల్లాంటి చేతిరాత. నాలుగో రాయి, సూదిపిట్ట, మూడు. ఆ మూడు పక్కన పెన్సిల్‌తో సన్నటి చుక్కలు. కార్బన్‌వి కావు, తర్వాత పెట్టినవి. లెక్కపెట్టాడు, ఐదు. పై నెల కాగితంలో రెండు, దాని పక్కన ఐదు చుక్కలు. ఇంకో నెల ఒకటి, నాలుగు చుక్కలు. ఇంకే రాయి దగ్గరా, ఇంకే పిట్ట పక్కనా చుక్క అన్నది లేదు. అన్నయ్య ఆఖరుసారి నడిచిన ఆదివారం, వణుకుతున్న రాతలో సూదిపిట్ట ఒకటి. చుక్కలు ఆరు.

అన్నయ్య విన్నాడు. ఉన్నవన్నీ విన్నాడు. తమ్ముడి చెవి పోతోందని తమ్ముడి కంటే ఐదేళ్ళు ముందే తెలుసుకున్నాడు. తన నియమాన్ని తను దాటలేక, తమ్ముణ్ణి చిన్నబుచ్చలేక, అలాగని విన్నదాన్ని పారేయలేక, ఇంటికొచ్చాక చుక్కలు పెట్టుకున్నాడు.

"ఒక్క మాట చెప్పొచ్చుగా అన్నయ్యా" అన్నాడు చెవిగారు పైకే. గోడ మీది గడియారాలకి చెప్పినట్టయింది. అప్పుడు ఏడ్చాడు, చిన్నపిల్లాడిలా, ముక్కు చీదుకుంటూ.

ఏడుపయ్యాక కలం తీశాడు. సంఘం కాగితాల్లో తప్పు దిద్దాలంటే చెరపకూడదు, చింపకూడదు. తప్పు మీద ఒక్క గీత గీసి, పక్కన కారణం రాసి సంతకం పెట్టాలి. మొదటి సున్నా మీద గీత గీసి, ఎన్నో తెలియదని రాసి, కారణం దగ్గర నాలుగు వరసలు నింపాడు, వయసనీ, గాలి అనీ, లారీల చప్పుడనీ. చదువుకుంటే తనకే సిగ్గేసింది. రెండో దాంట్లో రెండు వరసలు. పదో కాగితానికి వచ్చేసరికి ఒకే వరస మిగిలింది. పిట్ట ఉంది, వినేవాడికి చెవి లేదు. నలభై ఎనిమిదింటి వరకూ అదే రాశాడు. మళ్ళీ వెనక్కొచ్చి మొదటి తొమ్మిదీ కూడా అలాగే దిద్దాడు. అన్నయ్య కాగితాల జోలికి వెళ్ళలేదు. చుక్కల సంగతి మాత్రం ఉత్తరంలో రాసి, సొరుగులోని ఆ పేరు తీసేసే కాగితాన్ని కూడా సంతకం పెట్టకుండానే జతపరిచి పంపేశాడు.

బోర్డు ఉండిపోయింది. దారి ఎవరికివ్వాలన్న మాట వచ్చినప్పుడు వదిన చెయ్యెత్తింది. చెవిగారు చెప్పింది రాస్తూ రాస్తూ ఏ కూత ఎవరిదో ఆవిడకి ఎప్పుడో వచ్చేసింది, ఆయన చెప్పని ఆ ఒక్కటీ తప్ప. సంఘం కార్యదర్శి ముప్ఫై కూతలు వినిపించి పరీక్ష పెడితే ఇరవై తొమ్మిది చెప్పింది. తప్పిన ఆ ఒక్కటీ కూడా రికార్డు చేసినవాడి తప్పేనని ఆవిడ వాదన.

పై నెల రెండో ఆదివారం ఇద్దరూ మళ్ళీ కాలవగట్టు మీదికొచ్చారు. ఈసారి రాసే అట్ట చెవిగారి చేతిలో ఉంది. మెళ్ళో అన్నయ్య విజిల్ వేసుకొచ్చాడు, ఊదడానికి కాదులెండి. నాలుగో రాయి దగ్గర ఆగారు. జమ్ము మీద మంచు ఇంకా విడలేదు. వదిన కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఆవిడ చూపుడువేలు గాలిలో కదిలింది, ఒకసారి. ఆగింది. మళ్ళీ రెండుసార్లు. ఆ వేలు చూస్తుంటే చెవిగారికి ఇరవై అయిదేళ్ళ కిందటి కూత లోపల వినపడింది, బురద మీసాల అన్నయ్యతో సహా.

"సూదిపిట్ట, ఆరు" అంది వదిన.

రాసేవాడు నోరు విప్పకూడదు. చెవిగారు ఆరు వేసి, కళ్ళు తుడుచుకుని, ఐదో రాయి వైపు నడిచాడు.