పసుపు వరుస, నీలం వరుస

మా ఊళ్ళో ట్యాంకర్ నీళ్ళు ఏ ఇంటికి ఏ రోజు వస్తాయో ఫోనులో చూసుకునే వెబ్ పేజీ తయారుచేసింది నేనే. నాకు ఎవరూ నేర్పలేదు. మండల గ్రంథాలయంలో అట్ట ఊడిన పుస్తకం ఒకటి దొరికితే, అర్థమయ్యేదాకా వదలకుండా చదివాను.

పొడవైన పట్టికలో కన్ను పక్క వరుసలోకి జారిపోకుండా వరుస విడిచి వరుసకు రంగు మార్చాలని అందులో ఉంది. వరుస సంఖ్యను రెండుతో భాగించి, శేషం ఉంటే ఒక రంగు, లేకపోతే ఇంకొకటి వేయాలి. ఆ పని పేజీ వెనక నేను రాసిన ప్రోగ్రామే చూసుకుంటుంది. నేను లేత పసుపు, లేత నీలం ఎంచుకున్నాను. కంటికి హాయిగా ఉంటాయని పుస్తకం చెప్పింది. అది రాసినాయన మా జిల్లాలో ఎన్నికలు చూసి ఉండడు.

మా పక్కింటి పెద్దనాయన పసుపు పార్టీ మనిషి. ఆయన పేరు పసుపు వరుసలోనే పడింది. కనబడినవాళ్ళందరికీ ఫోను తీసి చూపించాడు. ఇంతలో ఊళ్ళోకి కొత్త కుటుంబం వచ్చింది. అక్షరక్రమంలో వాళ్ళ పేరు అన్నిటికన్నా పైన చేరింది. కింద ఉన్నవాళ్ళందరి రంగులూ తిరగబడ్డాయి.

పొద్దున్నే పెద్దనాయన మా వాకిట్లో ఉన్నాడు. వెనకే ఆయన ఎదురింటి నీలం పార్టీ మామ.

"ఏమప్పా, నన్నడక్కుండా పార్టీ మార్చినావే?"

"నేను మార్చలేదు పెద్దనాయనా. పైన ఒక ఇల్లు చేరింది, కింద రంగులు మారినాయి."

"పైన ఎవడో వచ్చి కూర్చుంటే కిందోళ్ళంతా పార్టీ మారల్నా?"

"ఎప్పుడూ జరిగేదే గదన్నా," అన్నాడు మామ. "నువ్వు మా దాంట్లోకి వచ్చినావు, నేను మీ దాంట్లోకి పోయినా. దా, కండువాలు మార్చుకుందాం."

సంగతి సర్పంచుదాకా పోయింది. సాయంత్రంలోగా సరిచేయకపోతే పేజీ తీసేయించి, నీళ్ళ వంతులు మళ్ళీ మైకులో చెప్పిస్తానన్నాడు. నేను సొంతంగా నేర్చుకుని చేసిన పని అదొక్కటే. అన్నం మాని కూర్చున్నాను. ఎరుపు, ఆకుపచ్చ, కాషాయం, ఏది తీసుకున్నా ఎవరిదో ఒక జెండా. చివరికి ఒక వరుస తెలుపు, ఒక వరుస వేరుశనగ పొట్టు రంగు పెట్టి, అందరికన్నా ముందు పెద్దనాయనకు చూపించాను.

ఆయన ఫోను దూరంగా పట్టుకుని చూశాడు. "ఇది ఏ పార్టీదప్పా?"

"ఏ పార్టీదీ కాదు. చెనిక్కాయ పొట్టు."

"అయితే ఉండనీ. ఆ పంట రెండు పార్టీలోళ్ళనూ సమంగా ముంచింది," అని, తన వంతు ఏ రోజో వెతుక్కోవడంలో పడ్డాడు.